యంత్రలయలో టాంగో

పాశ్చాత్య నృత్యసంగీతంలో టాంగో అనే పేరు మన శ్రోతలకు బొత్తిగా కొత్తది కాదు. పాత చలనచిత్రాలలో క్లబ్బు దృశ్యం రాగానే అకార్డియన్ ఒక మూల్గు మూల్గేది. ఆ వెంటనే జంటలు బిగువుగా నాలుగడుగులు వేసి, చటుక్కున మెడ తిప్పి నిలిచేవారు. మన సంగీత దర్శకులకు ఆ ఫక్కీ ఎంతో ప్రీతిపాత్రమైనది. అయితే అది టాంగో వేసుకున్న వేషమే గాని, టాంగో కాదు. అసలు టాంగోలో విలాసం పైపూత మాత్రమే. అడుగున ఉన్నది పరాయి రేవులో దిగినవాడి బెంగ.

2001లో పారిస్ నగరం నుంచి వెలువడిన ఒక టాంగో ఆల్బంను గురించి ఈ ప్రసంగం. దాని పేరు "లా రెవాంచా దెల్ టాంగో". వాయించిన బృందం పేరు "గోటాన్ ప్రాజెక్ట్". మొత్తం పది రచనలు; అన్నీ కలిసి గంటకు కొంచెం లోపు. ఎలక్ట్రానిక్ యంత్రాలు పుట్టించే లయకు టాంగోను జతపరచిన ఈ ఆల్బం గడచిన రెండు దశాబ్దాలలో భూగోళమంతా చుట్టివచ్చింది. ఆ వ్యాప్తివల్లనే దానికొక కీడు కూడా జరిగింది. పెద్ద హోటళ్ళ భోజనశాలలలోనూ, ఖరీదైన దుకాణాలలోనూ సన్నగా వినిపించే నేపథ్య సంగీతంగా అది స్థిరపడిపోయింది. కాఫీ తాగుతూ వినేవారికి హాయిగానే ఉంటుంది. ఆ హాయి వెనుక జాడ తెలియకుండా పోయిన మనుషులున్నారనీ, ప్రాణాలు దక్కించుకొని దేశం విడిచినవారున్నారనీ ఆ భోజనశాలలో ఎవరికీ స్ఫురించదు. ఒక గంటసేపు తీరికగా కూర్చుని వినవలసిన రికార్డుగా దానిని పరిచయం చేయడమే నా ఉద్దేశం.

ముందు పేర్ల సంగతి చెప్పుకుందాం. మన పిల్లలు పెద్దలకు తెలియకుండా మాట్లాడుకోవడానికి ప్రతి అక్షరానికీ "క" చేర్చి ఒక భాష కల్పించుకుంటారు గదా! అర్జెంటీనా రాజధాని అయిన బ్యునోస్ ఏరిస్‌లో వీధి జనం మాటలోని అక్షరాలను తలకిందులు చేసి పలుకుతారు. ఆ ప్రకారం "టాంగో" అనే మాట "గోటాన్" అవుతుంది. అంటే పేరులోనే బృందం తన పని చెప్పుకున్నది: వస్తువు పాతదే, వరుస మాత్రం తిరగవేసినది. ఇక "రెవాంచా" అనే స్పానిష్ మాటకు పగ తీర్చుకోవడమని ఒక అర్థం. ఆటలో ఓడినవాడు ఎదుటివానిని మళ్ళీ పందానికి పిలవడమని ఇంకొక అర్థం. ఈ రెండవ అర్థమే ఇక్కడ ఎక్కువ పొసగుతుందని నాకు తోస్తుంది. టాంగో ఎక్కడ, ఎవరి చేతిలో ఓడిపోయింది? మళ్ళీ ఆడడానికి పారిస్‌కు ఎందుకు వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే ఆల్బం సగం అర్థమైనట్లే.

టాంగో పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాలలో రియో దె లా ప్లాతా నదీముఖానికి ఇరువైపులా ఉన్న బ్యునోస్ ఏరిస్, మాంటెవిడియో అనే రేవు పట్టణాలలో పుట్టింది. ఇటలీనుంచి, స్పెయిన్‌నుంచి, తూర్పు ఐరోపానుంచి ఓడలలో దిగిన కూలిజనం, పల్లెలు వదలి పట్నానికి చేరిన పశువుల కాపరులు, ఆఫ్రికానుంచి బానిసలుగా తేబడినవారి సంతతి, అందరూ కలిసిన మురికిపేటలే దాని పురిటిల్లు. పెద్దమనుషులు దానిని గడప తొక్కనివ్వలేదు. అయితే 1913 ప్రాంతాలలో పారిస్ నగరానికి టాంగో పిచ్చి పట్టుకున్నది. పారిస్ మెచ్చిన తరువాత బ్యునోస్ ఏరిస్ సంపన్నులకు కూడా అది సంగీతంగా వినిపించసాగింది! తన ఊరి గౌరవం పొందడానికి టాంగో పారిస్ మీదుగా తిరిగి రావలసి వచ్చిందన్నమాట. ఇది మొదటిసారి మాత్రమే. ఇంకా రెండుసార్లు ఆ ప్రయాణం తప్పలేదు.

టాంగోకు ప్రాణం వంటి వాద్యం బాందొనియాన్. విచిత్రమేమంటే అది అర్జెంటీనాలో పుట్టినది కాదు. జర్మనీలోని క్రేఫెల్డ్ పట్టణానికి చెందిన హైన్రిచ్ బాంద్ అనే వర్తకుని పేరు మీద పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ప్రచారంలోకి వచ్చింది. మన హార్మోనియంకు అది దాయాది. రెండింటిలోనూ తిత్తి గాలి విసురుతుంది, లోహపు నాలుకలు కంపించి స్వరం పలుకుతుంది. అయితే హార్మోనియంలో ఒక చేయి తిత్తి ఊదుతుంటే రెండవ చేయి మెట్లమీద ఉంటుంది. బాందొనియాన్‌ను ఒడిలో పెట్టుకొని రెండు చేతులతోనూ సాగదీస్తూ, మూస్తూ, రెండు చేతుల వేళ్ళతోనూ మీటలు నొక్కాలి. సాధారణంగా కుడివైపు 38, ఎడమవైపు 33 మీటలు ఉంటాయి. అదే మీట తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు వేరొక స్వరం పలుకుతుంది. అంటే నేర్చుకునేవాడు నాలుగు రకాల మెట్ల వరుసలు వేళ్ళకు పట్టించుకోవాలి. బ్యునోస్ ఏరిస్ విద్వాంసులు అపురూపంగా దాచుకునేవి జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ ఆర్నాల్డ్ కర్మాగారంలో తయారైన వాద్యాలు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ తయారీ నిలిచిపోయింది గనుక పాత వాద్యాలకు గిరాకీ ఎక్కువ.

హార్మోనియం మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మెట్లకు బిగించిన స్వరాలతో గమకం పలకదనే కారణంతో 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను తన ప్రసారాలనుంచి వెలివేసింది. 1971లో గాని ఆ నిషేధం కొంతైనా సడలలేదు. ఈలోగా మన పద్యనాటకాలు మాత్రం ఆ పరాయి పెట్టెతోనే రాత్రులు తెల్లవారించాయి. బాందొనియాన్ స్వరాలు కూడా బిగించినవే. వాటిని వంచడం సాధ్యం కాదు. కాని టాంగో వాద్యగాండ్రు ఆ లోపాన్ని తిత్తితో పూరించుకున్నారు. స్వరాన్ని ఉబికించడం, మధ్యలో పుటుక్కున తెంచడం, ఒక్క క్షణం గాలి బిగబట్టి ఆపై వదలడం - ఇదంతా మనిషి ఊపిరిని పోలి ఉంటుంది. వెక్కిళ్ళు పెట్టి ఏడ్చేవాని గుండె ఎలా ఎగసిపడుతుందో ఆ తిత్తి అలాగే కదులుతుంది. బ్యునోస్ ఏరిస్ అన్న మాటకు "మంచి గాలులు" అని అర్థం. గాలి పేరు పెట్టుకున్న ఊరికి గాలి వాద్యమే నోరయింది.

ఇక లయ విషయం. మన శ్రోతలు గమనించవలసిన ముఖ్యాంశం ఇదే. సంప్రదాయ టాంగో బృందంలో బాందొనియాన్లు, వయొలిన్లు, పియానో, పెద్ద బాస్ వయొలిన్ ఉంటాయి. డప్పు గాని, డ్రమ్ము గాని ఉండదు. మృదంగం లేని కచేరీ ఊహించుకోండి! లయను నడిపే బాధ్యత పియానో ఎడమచేతిదీ, బాస్‌దీ. మధ్యమధ్య వయొలిన్ వాద్యగాడు తంత్రులు గుర్రానికి అవతలిపక్క బిగించి ఉన్నచోట కమాను గీసి కీచురాయి అరుపు వంటి ధ్వని పుట్టిస్తాడు. బాస్ వాయించేవాడు వాద్యం ఒంటిమీద అరచేతితో చరుస్తాడు. తాళవాద్యం లేకపోవడంవల్ల బృందమంతా కలిసి ఒకచోట సాగగలదు, ఒకచోట ఆగగలదు. గాయకుడు చరణాన్ని వెనక్కు లాగి, ఆలస్యంగా వచ్చి, చివర పరుగెత్తి అందుకుంటాడు. టాంగోలోని విషాదం మాటలలో కంటె ఈ ఆలస్యంలో ఎక్కువగా ఉంటుంది.

ఈ సంగీతాన్ని మొదట కుదిపినవాడు ఆస్టర్ పియాజొల్లా. 1921లో పుట్టి 1992లో గతించిన ఈ బాందొనియాన్ విద్వాంసుడు శాస్త్రీయ రచన నేర్వాలని 1954లో పారిస్ వెళ్ళి, ప్రసిద్ధ గురువు నాదియా బులాంజే వద్ద చేరాడు. తాను టాంగో వాయించేవాడినని చెప్పుకోవడానికి మొదట సిగ్గుపడ్డాడట. ఆమె పట్టుబట్టి వాయింపించుకొని, అసలు పియాజొల్లా ఇక్కడే ఉన్నాడనీ, దీనిని వదలవద్దనీ చెప్పింది. తిరిగివచ్చి 1955లో ఎనమండుగురితో ఒక బృందం కట్టి, అందులో ఎలక్ట్రిక్ గిటారు చేర్చాడు. సంప్రదాయ ప్రియులు మండిపడ్డారు. ఇది టాంగో కానే కాదన్నారు. పియాజొల్లా ఎనిమిది మాత్రలను నాలుగు రెళ్ళుగా నడపక, మూడు, మూడు, రెండుగా విరిచేవాడు. మన సొల్లుకట్టులో చెప్పాలంటే "తకిట తకిట తక". చేతితో ఒకసారి వేసి చూడండి. చివరి "తక" దగ్గర కాలు తడబడి మళ్ళీ నిలదొక్కుకుంటున్నట్లు అనిపిస్తుంది. 1970 దశకం మధ్యలో ఆయన సింథసైజర్లతో, ఎలక్ట్రిక్ బాస్‌తో ఒక బృందాన్ని కూడా నడిపాడు. కనుక టాంగోలోకి విద్యుత్తును తెచ్చిన ఘనత 2001 నాటివారిది కాదు.

ఇప్పుడు ఓటమి సంగతి. 1955లో సైనిక తిరుగుబాటు పెరోన్ ప్రభుత్వాన్ని కూలదోసింది. తరువాతి సంవత్సరాలలో విదేశీ రికార్డులు, రాక్ సంగీతం యువకులను ఆకర్షించాయి. పెద్ద పెద్ద టాంగో బృందాలు ఒక్కొక్కటే విడిపోయాయి. 1976 మార్చిలో సైన్యం మళ్ళీ అధికారం చేజిక్కించుకొని 1983 వరకు ఏలింది. ఆ ఏడేళ్ళలో విద్యార్థులను, కార్మిక నాయకులను, పాత్రికేయులను రాత్రివేళ ఇళ్ళనుంచి పట్టుకుపోయారు. వారి పేర్లు ఏ జైలు దస్తరంలోనూ కనిపించలేదు. శవాలు కూడా దొరకలేదు. వారిని అక్కడివారు "అదృశ్యులు" అంటారు. వారి సంఖ్య 30,000 అని మానవహక్కుల సంఘాలు చెబుతున్నాయి. 1977 ఏప్రిల్ 30న వారి తల్లులు కొందరు అధ్యక్ష భవనం ఎదుట ఉన్న ప్లాసా దె మాయో కూడలికి వచ్చి, మా బిడ్డలెక్కడ అని అడిగారు. గుంపుగా నిలబడరాదని పోలీసులు గద్దిస్తే, నిలబడక నడవసాగారు. తలకు తెల్లగుడ్డ కట్టుకొని గురువారం గురువారం ఆ కూడలి చుట్టూ వారు చేసిన ప్రదక్షిణ ప్రపంచప్రసిద్ధమైనది.

తప్పించుకోగలిగినవారిలో ఎందరో పారిస్ చేరారు. అక్కడ 1981లో "ట్రొత్వార్ ద బ్యునోస్ ఏర్" అనే టాంగోశాల వెలిసింది. 1983లో "టాంగో అర్జెంతీనో" అనే ప్రదర్శన పారిస్‌లోనే మొదలై న్యూయార్కు వరకు వెళ్ళి, ప్రపంచానికి టాంగోను మళ్ళీ నేర్పింది. పారిస్ మీదుగా రెండవ ప్రయాణం ఇది. చలనచిత్ర దర్శకుడు ఫెర్నాండో సొలానాస్ కూడా పారిస్‌లో తలదాచుకున్నవాడే. ప్రవాసుల బ్రతుకు మీద 1985లో ఒక చిత్రం, సైనిక పాలన ముగిసి జైలునుంచి ఇంటికి నడచివచ్చే మనిషి మీద 1988లో "సుర్" అనే చిత్రం తీశాడు. "సుర్" అంటే దక్షిణం. ఆ చిత్రానికి పాట సొలానాస్ వ్రాస్తే, పియాజొల్లా స్వరపరచగా, వయసు మళ్ళి గొంతు బొంగురుపోయిన మహాగాయకుడు రొబెర్తో గొయెనెచె పాడాడు. ఆ పాట పేరు "వుయెల్వో అల్ సుర్", అంటే "దక్షిణానికి తిరిగి వస్తున్నాను". ఈ పేరు గుర్తుంచుకోండి.

ఈ భూమికలో 1999లో పారిస్‌లో ముగ్గురు కలిశారు. ఫిలిప్ కోఎన్ సొలాల్ ఫ్రెంచివాడు. క్రిస్టోఫ్ మ్యూలర్ స్విట్జర్లాండువాడు. ఇద్దరూ ఎలక్ట్రానిక్ సంగీతంలో చేయి తిరిగినవారు. మూడవవాడు పారిస్‌లో స్థిరపడిన అర్జెంటీనా గిటారు విద్వాంసుడు ఎదువార్దో మకరోఫ్. 2000లో వారు వెలువరించిన మొదటి చిన్న రికార్డులో ఒకవైపు ఉన్నది ఆ "వుయెల్వో అల్ సుర్" పాటే.

వారి ముందున్న చిక్కు చిన్నది కాదు. సాంప్లర్ అనే పరికరం రికార్డు అయిన ధ్వనిలోనుంచి ఒక ముక్కను కత్తిరించి, కోరినన్నిసార్లు ఆవృత్తి చేస్తుంది. పూర్వం రేడియో స్టూడియోలలో టేపును బ్లేడుతో కోసి అతికించేవారు గదా, ఆ పనినే అది రెప్పపాటులో చేస్తుంది. లయయంత్రం గీత గీసినట్లు సమానంగా దెబ్బలు వేస్తుంది. అలసట లేదు, తొందర లేదు, ఎవరికోసమూ ఆగడమనేది లేదు. ఆలస్యంలో ప్రాణం ఉన్న సంగీతానికి ఆగడం తెలియని తాళం జతపరిస్తే ఏమవుతుంది? సంతల దగ్గర అమ్మే నాసిరకం రికార్డులలో దీని ఫలితం విని ఉంటారు: పాత పాట కింద దబదబమని దెబ్బలు. పాట చచ్చి దెబ్బ మిగులుతుంది.

గోటాన్ బృందం ఈ చిక్కును జమైకా ద్వీపం సాయంతో విడదీసింది. అక్కడి కింగ్‌స్టన్ నగరంలో 1970 దశకం తొలినాళ్ళలో "డబ్" అనే పద్ధతి పుట్టింది. దానిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు కింగ్ టబ్బీ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఓస్బోర్న్ రుడాక్. వృత్తిరీత్యా రేడియోలు, ధ్వని పరికరాలు బాగుచేసే నిపుణుడు. రికార్డయిన పాటలోనుంచి గాత్రాన్ని తీసివేసి, డ్రమ్ములను, బాస్‌ను మాత్రం నిలిపి, మిగిలిన వాద్యాలను ఒక్కొక్కసారి లోపలికి రానిచ్చి, ప్రతిధ్వనిలో కరగించి మళ్ళీ బయటకు పంపడం ఆయన పద్ధతి. స్టూడియోలోని మీటల బల్లనే ఆయన వాద్యంగా వాయించాడని చెప్పాలి. ఇందులో దెబ్బ కంటె ఖాళీకి విలువ ఎక్కువ. పారిస్ బృందం టాంగోకు ఇచ్చినది ఈ ఖాళీ. యంత్రం నెమ్మదిగా నడుస్తుంది. బాస్ లోతుగా, పలచగా పలుకుతుంది. పైన బాందొనియాన్‌కు కావలసినంత చోటు ఉన్నది. అది తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది, వెనకబడుతుంది, ఊపిరి పీల్చుకుంటుంది. ఆగని గడియారం కింద ఆగి ఆగి మాట్లాడే మనిషివలె ఉంటుంది వినడానికి. యంత్రం సమానంగా ఉన్నది గనుకనే మనిషి తడబాటు స్పష్టమవుతుంది. ఈ ఆల్బంలోని రహస్యమంతా ఇదేనని నా నమ్మకం. నాట్యశాలల దబదబను తెచ్చి అంటించి ఉంటే ఇది ఒక సంవత్సరం కూడా నిలిచేది కాదు.

వాయించినవారు కూడా సామాన్యులు కారు. బాందొనియాన్ వాయించినది అర్జెంటీనా ఈశాన్యంలోని కొరియెంతెస్ ప్రాంతపు నీనీ ఫ్లోరెస్. 2016లో ఆయన గతించాడు. వయొలిన్ డెన్మార్క్ విదుషి లీన క్రూస. పియానో గుస్తావో బేటెల్మాన్. ఈయన సైనిక పాలన మొదలైన కాలంలో పారిస్ చేరినవాడు. 1977లో పియాజొల్లా విద్యుత్ వాద్యాలతో ఐరోపాకు వచ్చినప్పుడు ఆ బృందంలో పియానో వాయించినది ఈయనే. అంటే పాత ప్రయోగపు చేయి ఒకటి స్వయంగా ఈ కొత్త ప్రయోగంలో ఉన్నది. గాత్రం బార్సిలోనా గాయని క్రిస్టినా విలాయోంగాది. గొయెనెచె వలె ఆమె గొంతు గరగరలాడదు. మైకుకు దగ్గరగా, ఒక్కరికే చెప్పుతున్నట్లు పాడుతుంది. ఆ సంయమనం కొన్నిచోట్ల మరీ చల్లగా ఉన్నదనిపిస్తుంది; అయినా ఈ ఖాళీలలో గొంతెత్తి పాడితే చెడిపోయేదే.

ఆల్బం "కెరేమోస్ పాస్" అనే రచనతో మొదలవుతుంది. "మాకు శాంతి కావాలి" అని అర్థం. అందులో వినిపించే పురుషకంఠం చే గెవారాది. ఆయన అర్జెంటీనాలో రొసారియో నగరంలో పుట్టినవాడని చాలామంది మరచిపోతారు. "ఎల్ కాపితలిస్మో ఫొరానియో" అనే రచనలో, అంటే "విదేశీ పెట్టుబడి" అనే రచనలో, ఎవా పెరోన్ ఉపన్యాసపు ముక్క వినిపిస్తుంది. 1952లో 33 ఏళ్ళకే మరణించిన ఎవా రాజకీయాలలోకి రాకముందు రేడియో నాటకాల నటి. మైక్రోఫోను ముందు గొంతును ఎక్కడ నిలపాలో, ఎక్కడ విసరాలో ఆమెకు బాగా తెలుసునని ఆ నాలుగు మాటలలోనే ధ్రువపడుతుంది. ఈ ఆల్బం బజారుకు వచ్చిన కొద్ది వారాలకు, 2001 డిసెంబరులో, అర్జెంటీనా ఆర్థికవ్యవస్థ కుప్పకూలింది. బ్యాంకులలోని సొంత డబ్బు తీసుకోవడానికి ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. జనం గిన్నెలు మోగిస్తూ వీధులలోకి వచ్చారు. ఆ నెల 20న అధ్యక్షుడు రాజీనామా చేశాడు. ఏభై ఏళ్ళనాటి కంఠానికి ఇంతటి సమయస్ఫూర్తి ఎవరు అమర్చారో!

అయినా ఈ రెండు రచనలను గురించి నాకొక సందేహం ఉన్నది. చనిపోయిన వక్తల గొంతును ముక్కలు చేసి లయకు అతికించినప్పుడు, అర్థం పోయి ధ్వని మాత్రం మిగిలే ప్రమాదం ఉన్నది. స్పానిష్ రానివారికి అది గంభీరమైన ఒక అలంకారం, అంతే. ప్రసారవృత్తిలో ఉన్నవారికి కంఠమంటే మనిషే. ఒక మనిషి మాటలలో నాలుగింటిని ఏరుకొని నలభైసార్లు తిప్పడం చూస్తే మాకు కొంచెం ప్రాణం ఒప్పదు.

రెండవ రచన "ఎపొకా" విషయంలో ఇట్టి సందేహం లేదు. ఆల్బంకంతటికీ గుండెకాయ ఇదే. మాయమైపోయినది మళ్ళీ కనబడడం, చచ్చిపోయిందనుకున్నది పుట్టడం ఈ పాట వస్తువు. పైకి అది టాంగోను గురించి చెప్పిన మాట. కాని అర్జెంటీనావాడి చెవికి "మాయమవడం" అనే క్రియ అమాయకమైన మాట కాదు. ప్లాసా దె మాయో తల్లుల తెల్లగుడ్డలు కళ్ళముందు కదలవలసిందే. విలాయోంగా ఈ పాటను ఏడుస్తూ పాడదు. లయ కూడా చక్కగా ఊగుతూనే ఉంటుంది. భోజనశాలలో చెంచాల చప్పుడు మధ్య దీనికి తల ఊపేవారిని తప్పుపట్టలేము, ఎవరూ వారికి చెప్పలేదు గనుక.

మిగిలినవాటిలో "చుంగాస్ రెవెంజ్" అమెరికన్ రాక్ సంగీతజ్ఞుడు ఫ్రాంక్ జాపా 1970లో చేసిన రచన. దానిని టాంగో చేయవచ్చునని తోచడమే ఒక చమత్కారం. "లాస్ట్ టాంగో ఇన్ పారిస్" 1972 నాటి చలనచిత్రానికి అర్జెంటీనా సాక్సోఫోను విద్వాంసుడు గాతో బార్బియేరి కూర్చిన స్వరం. పారిస్‌లో టాంగోను గురించిన రికార్డులో అది ఉండకపోతే ఆశ్చర్యం గాని ఉండడంలో లేదు. "త్రిప్తికో" దీర్ఘరచన. వాద్యాలు ఒకదాని తరువాత ఒకటి మెల్లగా చేరతాయి. ఓపిక లేనివారు విసుగుపడవచ్చు, నాకైతే బేటెల్మాన్ పియానో కోసం రెండవసారి వినబుద్ధి అయింది. "సాంతా మరియా" అన్నిటికంటె జనప్రియమైనది. ఆ పేరు 1536లో స్పెయిన్ నావికులు ఆ రేవుకు తొలుత పెట్టిన పేరే. 2004లో ఒక హాలీవుడ్ చిత్రంలో నృత్యఘట్టానికి వాడుకోవడంతో అది ఇంటింటికీ చేరింది. బాందొనియాన్ అక్కడ పొడిపొడి ముక్కలుగా, తలుపు తట్టినట్లు మోగుతుంది. కొత్తగా టాంగో నేర్చేవారికి అనేక దేశాలలో ఇదే మొదటి పాఠమైనది.

పదవది, చివరిది, "వుయెల్వో అల్ సుర్". ఇందాక గుర్తుంచుకోమన్న పాట ఇది. వీలున్నవారు ముందు గొయెనెచె పాడినది వినాలి. అది జైలునుంచి వచ్చినవాని గొంతు. మాట మాటకూ కూర్చుని లేస్తుంది. తరువాత ఈ ఆల్బంలోది వింటే, లయ నెమ్మదిగా, ఓడ ఇంజనువలె నడుస్తూ ఉంటుంది. దానిమీద ఒక స్త్రీకంఠం ఒడ్డును తలచుకుంటూ ఉంటుంది. మొదటివాడు ఇల్లు చేరినవాడు. రెండవది ఇంకా దారిలోనే ఉన్నది. ఒకే పాటను రెండు కాలాలు పాడితే ఇంత తేడా రావడానికి కారణం యంత్రమా, మనిషా అని నేను తేల్చలేను గాని, రెండూ నిజమైన టాంగోలే అని మాత్రం చెప్పగలను. సొలానాస్ 2020లో పారిస్‌లోనే కన్ను మూశాడు. అప్పటికి ఆయన తన దేశం తరఫున యునెస్కోలో రాయబారి.

బ్యునోస్ ఏరిస్ సంప్రదాయజ్ఞులలో కొందరు దీనికి పెదవి విరిచారు. పియాజొల్లాకు జరిగిన మర్యాదే ఇది. కాని 2002లో అక్కడనే బాహోఫోందో అనే బృందం, 2003లో టాంగెత్తో బృందపు "ఎమిగ్రాంతే" అనే ఆల్బం ఇదే త్రోవలో వచ్చాయి. 2009లో అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలు కలిసి కోరగా యునెస్కో టాంగోను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. గోటాన్ బృందం 2006లో వెలువరించిన రెండవ ఆల్బం పేరు "లునాతికో". అది టాంగో గాయకసమ్రాట్టు కార్లోస్ గార్డెల్ ముద్దుగా పెంచుకున్న పందెపు గుర్రం పేరు. 2010లో మూడవది "టాంగో 3.0" వచ్చింది. అందులో "రయుయెలా" అనే రచనలో మళ్ళీ ఒక గతించిన కంఠం వినిపిస్తుంది. ఆ పేరుగల నవలను 1963లో ప్రకటించిన హూలియో కోర్తాసార్ గొంతు అది. బ్యునోస్ ఏరిస్‌ను గురించి పారిస్‌లో కూర్చుని వ్రాసి, 1984లో పారిస్‌లోనే మరణించినవాడు. ఈసారి మాత్రం మాటలు నాలుగు ముక్కలుగా తెగలేదు. తన పుస్తకంలోని వాక్యాలను తానే చదువుతూ ఉంటాడు, నిదానంగా.